పాత బీటిల్‌కి బ్లోవర్ పెట్టే ముందు వేడి లెక్క చూసుకో తమ్ముడూ

కాలిఫోర్నియా ఫ్రీమాంట్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అన్నా, నా దగ్గర 1971 ఫోక్స్‌వాగన్ సూపర్ బీటిల్ ఉంది. 1600 డ్యూయల్ పోర్ట్ ఇంజన్, పాత ఓనరు ఎప్పుడో ఒకసారి విప్పించాడట, కాగితాలేవీ లేవు. ఆఫీసుకి వేరే కారు ఉంది, దీన్ని శని ఆదివారాలే తీస్తాను. ఫ్రీవే ఎక్కితే లారీలు కూడా దాటిపోతున్నాయి, తాహో సరస్సుకి వెళ్లే దారిలో ఘాట్ మీద మూడో గేర్లో మూలుగుతూ ఎక్కుతుంది. ఒకతను ఐసిన్ ఏఎంఆర్500 సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే బ్లోవర్) అమ్ముతుంటే కొనేశాను. 10 పీఎస్ఐ బూస్ట్ (మామూలు గాలి పీడనం మీద బ్లోవర్ అదనంగా పెట్టే ఒత్తిడి) పెడితే బండి ఎగిరిపోతుందని ఫ్రెండు అంటున్నాడు, సిలిండర్ల కింద షిమ్ములు (పలచటి రింగులు) వేసి కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ అంకె) తగ్గిస్తే చాలట. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) 009 రకం. గ్యారేజీలో నేనే చేసుకోవాలని ఆశ. బూస్ట్ ఎంత పెట్టాలి, టైమింగ్ ఎంత, కార్బొరేటర్ ఏది? మా ఆవిడకి మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది. ఇంజన్ వెనకాల, దానికి ముందున్న వెనక సీట్లో మన పాప, నీకేమైనా ఆలోచన ఉందా అంటోంది."

తమ్ముడూ, అడిగిన మూడింటికీ జవాబు ముందే చెప్పేస్తాను. బూస్ట్ 5 పీఎస్ఐ, అక్కడ ఆగు. బూస్ట్ ఉన్నప్పుడు టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు వెలగాలో ఆ లెక్క) మొత్తం 24, 25 డిగ్రీలు. కార్బొరేటర్ ఒక్కటే, అది బ్లోవర్ లోపలికి గాలి వెళ్లే వైపు. ఇంతే. కానీ ఈ మూడూ ఆఖర్లో చేసే పనులు, వాటికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, అవి చేయకుండా ఆ బ్లోవర్ బిగించావంటే ఒక్క ఎండాకాలం దాటదు నీ ఇంజన్. మీ ఆవిడ అడిగింది కూడా సరైన ప్రశ్నే, దానికి కూడా వస్తాను.

అసలు సంగతి వేడి. మన ఊళ్లో ఎండాకాలం ట్రాఫిక్‌లో బుల్లెట్ నడిపినవాళ్లకి గాలితో చల్లబడే ఇంజన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, మోకాలికే తెలుస్తుంది. బీటిల్‌ది కూడా అదే తీరు, కాకపోతే నాలుగు సిలిండర్లు ఒక రేకు పెట్టెలో మూసి ఉంటాయి, ఒక ఫ్యాను వాటి మీదికి గాలి తోస్తుంది. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. హెడ్డులో (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) పుట్టిన వేడిని ఆ గాలి మోసుకుపోవాలి, మిగిలింది ఆయిల్ మోయాలి, ఆ ఆయిల్ కూడా మొత్తం రెండున్నర లీటర్లే. నీళ్ల ఇంజన్‌లో ఎక్కువ వేడి పుడితే నీళ్లు కాసేపు దాచుకుంటాయి, ఇక్కడ దాచుకోవడానికి చోటు లేదు, హెడ్డే కాగుతుంది. సూపర్‌చార్జర్ అంటే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, కాబట్టి ఎక్కువ వేడి. పవర్ ఎంత పెరిగితే వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. కంపెనీ వాళ్లు పెట్టిన ఫ్యాను మాత్రం అదే ఫ్యాను.

పైగా బ్లోవర్ తనంతట తాను గాలిని వేడెక్కిస్తుంది. నీది రూట్స్ రకం, లోపల రెండు రోటర్లు గాలిని ఇటు నుంచి అటు తోస్తాయి గానీ పొందిగ్గా నొక్కవు, అందుకే అది పెట్టే శ్రమలో చాలా భాగం వేడి కిందే పోతుంది. దాని సామర్థ్యం సుమారు 50 శాతం అనుకుని లెక్క వేసి చూడు, 30 డిగ్రీల సెల్సియస్ గాలి లోపలికి వెళితే 5 పీఎస్ఐ దగ్గర 80 దాటి బయటికి వస్తుంది, 10 పీఎస్ఐ దగ్గర 120 దాటుతుంది. ఇది పొడి గాలి లెక్క, పెట్రోలు కలిస్తే అది ఆవిరవుతూ కొంత చల్లబరుస్తుంది, కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చూశావా, అదే నీకూ మీ ఫ్రెండుకీ మధ్య ఉన్న తేడా. ఇంటర్‌కూలర్ (బ్లోవర్ నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) లేకుండా, మెగ్నీషియం కేసు (ఇంజన్ బాడీ) మీద, 91 ఆక్టేన్ పెట్రోలు మీద 10 పీఎస్ఐ అన్నవాడు ఆ ఇంజన్ బాగు చేయించే బిల్లు కూడా తనే కడతాడా అని ఒకసారి అడుగు.

తాహో సంగతి. నువ్వు 80వ నంబరు ఫ్రీవే మీద వెళ్తే డోనర్ సమ్మిట్ ఎక్కుతావు, అది 7,239 అడుగులు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తక్కువ. బ్లోవర్ ఉంటే ఆ లోటు పూడుతుంది, నిజమే, ఎత్తు ప్రదేశాల్లో బ్లోవర్ వల్ల నిజంగా సుఖం ఉంది. కానీ చాలామంది మర్చిపోయేది ఒకటుంది, ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాను తోసేది కూడా అదే పలచని గాలి. ఫ్యాను అంతే వేగంగా తిరుగుతుంది, అంతే గాలి తోసినట్టు కనబడుతుంది, కానీ ఆ గాలిలో బరువు తక్కువ, మోసుకెళ్లే వేడి తక్కువ. అంటే ఇంజన్‌కి బ్లోవర్ ద్వారా కింద ఉన్నంత గాలి పెడుతున్నావు, చల్లదనానికి మాత్రం కొండ మీద గాలి ఇస్తున్నావు. ఫ్రీవే మీద ఒకణ్ని దాటడానికి పది సెకన్లు బూస్ట్ వాడితే హెడ్డు తట్టుకుంటుంది. ఘాట్ మీద ఇరవై నిమిషాలు కాలు తీయకుండా బూస్ట్‌లో ఎక్కడం వేరు.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. నా మొదటి బ్లోవర్ బీటిల్‌కి హెడ్డు వేడి చూపించే గేజి పెట్టుకోలేదు, ఆయిల్ గేజి ఉంది కదా చాలనుకున్నాను. ఆగస్టులో ఒక పొడవాటి ఎక్కుడులో ఆయిల్ ముల్లు మామూలుగానే ఉంది, నేను హాయిగా లాగించాను, పైకి వచ్చాక టకటకమని ఒక శబ్దం, ఆ తర్వాత మూడే సిలిండర్లు. విప్పి చూస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తల ఊడి పిస్టన్‌లో దిగి ఉంది. ఆయిల్ వేడెక్కడానికి చాలా నిమిషాలు పడుతుంది, హెడ్డుకి నిమిషం కూడా పట్టదు. ఆ ఇంజన్ పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే, నీకు అలా జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కాబట్టి బ్లోవర్‌ని గుడ్డలో చుట్టి షెల్ఫులో పెట్టు. ముందు ఇంజన్ ఎలా ఉందో తెలుసుకో.

పాత ఓనరు విప్పించాడట అన్నావు, కాగితాలు లేవన్నావు, అంటే లోపల ఏముందో నీకు తెలీదు. ఇంజన్ ఆపి క్రాంక్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడు. టక్కుమని కదలడం చేతికి స్పష్టంగా తెలిస్తే డయల్ గేజి పెట్టి కొలువు. ఆ ఆట 0.07 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అంతకంటే బాగా ఎక్కువ ఉంటే కేసు అరిగిందని అర్థం, దాని మీద బ్లోవర్ పెట్టడం దండగ. తర్వాత లీక్‌డౌన్ టెస్ట్ చెయ్యి, ఉత్త కంప్రెషన్ టెస్ట్ కంటే ఇది చాలా మాటలు చెబుతుంది. సిలిండర్‌లోకి గాలి పెట్టి అది ఎక్కడి నుంచి పోతోందో చెవి పెట్టి విను, సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలో బుస్సుమంటే రింగులు. ట్యాపెట్ల సందు (వాల్వు కదలడానికి వదిలే ఖాళీ) చల్లటి ఇంజన్ మీద 0.15 మిల్లీమీటర్లకి పెట్టు, వెయ్యి మైళ్ల తర్వాత మళ్లీ చూడు. ఏదైనా ఎగ్జాస్ట్ వాల్వు సందు ప్రతిసారీ తగ్గిపోతూ ఉంటే ఆ వాల్వు సాగుతోందని, లేదా సీటు లోపలికి దిగుతోందని తెలుసుకో. అది ఇంజన్ నీకు ముందుగా చేసే హెచ్చరిక.

ఇంజన్ దించడం గురించి భయపడకు. బీటిల్ ఇంజన్ గేర్‌బాక్సుకి నాలుగు బోల్టులతో పట్టి ఉంటుంది, ఒక మంచి జాకీ, రెండు స్టాండ్లు, కొన్ని పానాలు ఉంటే శనివారం పొద్దున దించేయొచ్చు. గ్యారేజీలో నువ్వే చేసుకోగల బండి ఏదైనా ఉందంటే ఇదే. హెడ్డు మెషినింగ్, కేసు బోరింగ్ మాత్రం తెలిసిన మెషిన్ షాపుకి ఇవ్వు, వాటిలో పొదుపు వద్దు.

ఇంజన్ బయటికి వచ్చినప్పుడే రేకుల పని చూడు. ఈ ఇంజన్ చుట్టూ ఉండే రేకులు అందం కోసం పెట్టినవి కావు, ఫ్యాను గాలిని సిలిండర్ల మీది ఫిన్నుల (రెక్కల) మధ్యలోంచి తోసి కిందికి పంపేవి అవే. సిలిండర్ల కింద చిన్న దారి మళ్లించే రేకులు, పక్క రేకులు, థర్మోస్టాట్‌తో కదిలే ఫ్లాపులు, ఇంజన్ అరకి చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, ఇవన్నీ ఉండాలి. క్రోమ్ మెరుపు కోసం సన్న రేకులు కొని అసలువి పారేసినవాళ్లు, రబ్బరు పట్టీ ఎందుకులే అని వదిలేసినవాళ్లు చాలామంది. ఆ పట్టీ లేకపోతే కింద నుంచి వచ్చే వేడి గాలినే ఫ్యాను మళ్లీ పీలుస్తుంది. అలాగే ఫ్యాను పెట్టె అసలుదేనా చూడు. 1971కి ముందు బళ్లలో ఆయిల్ కూలర్ ఫ్యాను పెట్టె లోపల, మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది, అందుకే పాత బీటిళ్లలో మూడో సిలిండరే ఎక్కువగా పోయేది. 1971లో కూలర్‌ని ఆ దారిలోంచి జరిపి దానికి వేరే గది కట్టారు, దీన్నే మన అమెరికన్ మిత్రులు డాగ్‌హౌస్ అంటారు. నీ బండి 71ది కాబట్టి అది ఉండాలి, కానీ యాభై ఏళ్లలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు. లేకపోతే బ్లోవర్ డబ్బుల కంటే ముందు దానికి ఖర్చు పెట్టు.

ఆయిల్ ఫిల్టర్ గురించి కూడా. కంపెనీ ఇంజన్‌లో ఉన్నది ఒక జాలీ మాత్రమే, ఫిల్టర్ లేదు. ఫుల్ ఫ్లో ఫిల్టర్, బయట ఇంకో ఆయిల్ కూలర్, వీలైతే ఆయిల్ ఇంకాస్త పట్టేలా అడుగున అదనపు సంప్ (ఆయిల్ గిన్నె), ఈ మూడూ పెట్టించు. సంప్ కిందికి వేలాడుతుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గర చూసుకోవాలి మరి.

ఇప్పుడు గేజులు. నాలుగు కావాలి, ఏ ఒక్కటి లేకపోయినా బ్లోవర్ బెల్టు ఎక్కించవద్దు. మూడో సిలిండర్ ప్లగ్గు కింద వాషర్‌లా కూర్చునే సెన్సర్‌తో హెడ్డు వేడి గేజి, ఆయిల్ వేడి గేజి, బూస్ట్ గేజి, సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి, పెట్రోలు పాళ్లు చూపించేది). మూడో సిలిండర్ అంటే డ్రైవర్ వైపు ముందుది, బండి ముందు వైపు ఉన్నది. ప్లగ్గు కింద కొలిస్తే మామూలు ఫ్రీవే వేగంలో 300 నుంచి 350 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నాకు సంతోషం, 400కి చేరుతోందంటే కాలు తీసేస్తాను. ఆయిల్ 180 నుంచి 220 మధ్య మంచిది, 250 దగ్గర బండి ఆపు.

ఇక మీ ఫ్రెండు చెప్పిన షిమ్ములు. నీ ఇంజన్ 85.5 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 69 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 1584 సీసీ, ఒక్కో సిలిండర్ 396 సీసీ. కంపెనీ కంప్రెషన్ 7.5. దాన్ని 7కి దించాలంటే ఒక్కో సిలిండర్ దగ్గర ఇంకో 5 సీసీ చోటు కావాలి, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల షిమ్ము. వినడానికి చిన్నదే. కానీ పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ మధ్య ఉండే సందు అప్పుడు రెండు మిల్లీమీటర్లు దాటిపోతుంది. ఆ సందు ఒకటి, ఒకటింపావు మిల్లీమీటర్ల దగ్గర ఉంటే గాలి, పెట్రోలు కలిసిన మిక్చర్ అంచుల నుంచి మధ్యకి తోసుకొచ్చి గబుక్కున కాలుతుంది, నాకింగ్ (మిక్చర్ దానంతట అదే పేలి పిస్టన్‌ని కొట్టడం) తగ్గుతుంది. సందు పెరిగితే అంచుల్లో ఉన్న మిక్చర్ నిదానంగా కాలుతూ వేడెక్కి దానంతట అదే పేలుతుంది. నాకింగ్ తగ్గిద్దామని చేసిన పని నాకింగ్ తెచ్చిపెడుతుందన్నమాట. కంప్రెషన్ తగ్గించాలంటే హెడ్డులో గది కొంచెం తొలిచి పెద్దది చేయాలి, సందు మాత్రం బిగువుగా ఉంచాలి. నీ విషయంలో 5 పీఎస్ఐకి 7.5 అలాగే వదిలేయొచ్చు, స్థూలంగా లెక్కేస్తే బూస్ట్‌లో అది 10 కంప్రెషన్‌తో సమానం, 91 పెట్రోలుకి అదే అంచు. కానీ నిజంగా 7.5 ఉందా అన్నది కొలవాలి. పాత ఓనరు 88 మిల్లీమీటర్ల పిస్టన్లు వేయించి ఉంటే, హెడ్డు గీయించి ఉంటే 8.5 కూడా ఉండొచ్చు. గాజు బ్యూరెట్టుతో హెడ్డు గదిలోకి నూనె పోసి ఎన్ని సీసీలు పట్టిందో కొలువు, అరగంట పని, ఈ మొత్తంలో అతి ముఖ్యమైన అరగంట అదే.

ఇప్పుడు షెల్ఫు మీద నుంచి బ్లోవర్ దించు. ఏఎంఆర్500 పేరులోనే ఉంది, ఒక చుట్టు తిరిగితే సుమారు 500 సీసీ గాలి తోస్తుంది. నీ ఇంజన్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ ఒక చుట్టు తిరిగితే 792 సీసీ పీల్చాలి, నిజంగా పీల్చేది అందులో 80 శాతం అనుకుంటే 630 చిల్లర. బ్లోవర్‌ని క్రాంక్‌తో సమానంగా తిప్పితే అది ఇంజన్‌కి సరిపడా గాలి కూడా ఇవ్వదు, అడ్డం తగులుతుంది. 1.6 రెట్లు తిప్పితే బ్లోవర్ లీకులు పోను 680, కొంచెం బూస్ట్ మొదలవుతుంది. 2 రెట్లు తిప్పితే 850 దాకా వస్తుంది, కాగితం మీద 5 పీఎస్ఐ, గాలి వేడెక్కడం కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి ముందు 1.7 పుల్లీతో మొదలుపెట్టు, గేజి చూసి మార్చుకో. పుల్లీ మార్చడం గంట పని, పిస్టన్ మార్చడం వారం పని. పవర్ సంగతి చెప్పాలంటే 5 పీఎస్ఐకి కాగితం మీద మూడో వంతు ఎక్కువ గాలి, వేడికి కొంతా బెల్టు తిప్పడానికి కొంతా పోను చక్రాల దగ్గర పావు వంతు పెరిగితే అది చాలా మంచి పని. నీ అసలు ఇంజన్ పవరే యాభై చిల్లర కాబట్టి ఆ పావు వంతు సీట్లో కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది, ముఖ్యంగా కింది ఆర్‌పీఎంలలో.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఫ్యానుని తిప్పే బెల్టు మీద బ్లోవర్ భారం వేయకు. బీటిల్‌లో జనరేటర్ బెల్టే చల్లబరిచే ఫ్యానుని తిప్పుతుంది, ఎర్ర లైటు వెలిగితే బండి వెంటనే ఆపమని పాతవాళ్లు చెప్పేది అందుకే. బ్లోవర్‌కి క్రాంక్ నుంచి వేరే బెల్టు, వేరే పుల్లీ, బ్రాకెట్ మందపాటి ప్లేటుతో. బ్లోవర్ బెల్టు తెగితే ఎగిరి ఫ్యాను బెల్టుని కొట్టకుండా మధ్యలో ఒక అడ్డు రేకు కూడా పెట్టు.

1950లు, 60ల్లోనే ఈ బళ్లకి బ్లోవర్లు పెట్టేవాళ్లు. పెన్సిల్వేనియాలోని కాన్షహాకెన్‌లో జడ్సన్ అనే కంపెనీ బీటిల్ కోసం వేన్ రకం (లోపల పలకలు తిరిగే) సూపర్‌చార్జర్ కిట్ అమ్మేది, వేన్లు అరగకుండా చుక్కచుక్కగా ఆయిల్ పడే సీసా ఒకటి ఇంజన్ అరలో వేలాడేది. ఆ కిట్‌లోనూ కార్బొరేటర్ బ్లోవర్‌కి ముందే. ఆ పద్ధతి నీకు నేను చెప్పడానికి కారణం సులువు, కార్బొరేటర్ ఎప్పుడూ బూస్ట్ చూడదు, మామూలు ఇంజన్‌లోలాగే పీల్పు మాత్రమే చూస్తుంది, ఫ్లోట్ గదికి, పెట్రోల్ పంపుకి ప్రత్యేకం ఏమీ అక్కర్లేదు. పైగా బ్లోవర్ లోపలే పెట్రోలు ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. నీ అసలు కార్బొరేటర్ 34 పిక్ట్-3 దీనికి ఇరుకు, వీబర్ 32/36 లాంటి రెండు గొంతుల కార్బొరేటర్ సరిపోతుంది. నష్టం ఏమిటంటే మేనిఫోల్డు (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు), బ్లోవర్ మొత్తం పెట్రోలు ఆవిరితో నిండి ఉంటాయి, ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే బ్లోవర్ పగలొచ్చు. అందుకని మేనిఫోల్డు మీద స్ప్రింగుతో తెరుచుకునే రిలీఫ్ వాల్వు తప్పనిసరి. చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కే దాకా పెట్రోలు గోడలకి అంటుకుంటుంది, ఓపికగా ఉండాలి, స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కకూడదు.

009 డిస్ట్రిబ్యూటర్ గురించి నిజాయితీగా చెప్పాలంటే అది ఈ పనికి సరిపోదు. దానికి ఇంజన్ వేగం తెలుసు, ఇంజన్ మీద ఉన్న భారం తెలీదు. బ్లోవర్ లేనప్పుడు మొత్తం 30 డిగ్రీలు పెడతాం. బూస్ట్‌లో ఒక్కో పీఎస్ఐకి ఒక్కో డిగ్రీ వెనక్కి తీయడం మొదలుపెట్టడానికి మంచి లెక్క, 5 పీఎస్ఐకి 25. 009ని 25కి తిప్పితే మామూలు నడకలో కూడా టైమింగ్ వెనకబడి ఉంటుంది. ఆలస్యంగా కాలే మిక్చర్ ఎగ్జాస్ట్ వాల్వుని, హెడ్డుని ఇంకా కాలుస్తుంది, పికప్ చచ్చిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నెదర్లాండ్స్ వాళ్ల 123 ఇగ్నిషన్ లాంటి, మేనిఫోల్డు ప్రెజర్ చూసి టైమింగ్ మార్చే డిస్ట్రిబ్యూటర్ పెట్టుకో. బూస్ట్ లేనప్పుడు 30, బూస్ట్ పెరిగే కొద్దీ వెనక్కి. డబ్బు అవుతుంది, అయినా కార్బొరేటర్ కంటే ముందు దానికే ఖర్చు పెట్టమంటాను. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేయి. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో అంకె తగ్గితే చల్లటిది. అంటే ఎన్‌జీకే బీ5హెచ్‌ఎస్ నుంచి బీ6హెచ్‌ఎస్‌కి వెళ్లాలి, బాష్ అయితే డబ్ల్యూ8ఏసీ నుంచి డబ్ల్యూ7ఏసీకి.

ట్యూనింగ్ రోజు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకో, గేజులు చూడటానికి. ఒక్కడివే రోడ్డూ గేజులూ చూడలేవు. ఇంకా మంచిది, గంటలెక్కన అద్దెకిచ్చే డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పించి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టించడం. మామూలు నడకలో మిక్చర్ (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి అన్నది) 13.5 దగ్గర, పూర్తి బూస్ట్‌లో 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. నీళ్ల ఇంజన్లకి ఇది కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అనిపించొచ్చు, కానీ ఇక్కడ ఆ ఎక్కువ పెట్రోలే మనకున్న ఇంటర్‌కూలర్. మొదట మూడో గేర్లో మూడు సెకన్లు తొక్కు, వదిలెయ్, అంకెలు రాసుకో. 12.5 పైకి పోతోందంటే అక్కడితో ఆపి కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ మార్చు, ఇంకోసారి తొక్కి చూద్దాం అనుకోవద్దు. ఒకసారికి ఒక్కటే మార్పు, జెట్ మార్చిన రోజు టైమింగ్ ముట్టుకోకు. ఈ ఇంజన్ మోతలో నాకింగ్ చెవికి వినబడదు, అందుకే ఒక రాగి గొట్టం చివర చదును చేసి ఇంజన్ కేసుకి బోల్టుతో బిగించి, దానికి రబ్బరు గొట్టం తగిలించి చెవులకి పెట్టుకునే పాత పద్ధతి ఒకటుంది, డైనో మీద బాగా పనిచేస్తుంది. ప్రతి కొన్ని రౌండ్లకీ ప్లగ్గులు విప్పి భూతద్దంతో పింగాణీ చూడు. దాని మీద మిరియం పొడిలా నల్ల చుక్కలు, మెరిసే అల్యూమినియం రవ్వలు కనబడ్డాయంటే పిస్టన్ కరగడం మొదలైందని, ఆ రోజుకి పని బంద్.

ఇప్పుడు మీ ఆవిడ ప్రశ్న. ఆమె భయపడుతున్నది ఇంజన్ పేలుతుందని అయితే, అలా జరగదని చెప్పు. నిజంగా భయపడాల్సింది మంటలకి. పాత బీటిళ్లు కాలిపోవడానికి పెద్ద కారణం పెట్రోలు గొట్టాలు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, పాత గుడ్డ చుట్టిన రబ్బరు గొట్టాల్ని అది తినేస్తుంది. కార్బొరేటర్‌లోకి పెట్రోలు వెళ్లే చిన్న ఇత్తడి గొట్టం వదులై ఊడిపోవడం ఇంకొకటి. పెట్రోల్ ఫిల్టర్‌ని ఇంజన్ అరలో, డిస్ట్రిబ్యూటర్ పైన పెట్టడం మరొకటి, దాన్ని గేర్‌బాక్సు దగ్గరికి మార్చు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే కొత్తవి వేయి, ప్రతి చోటా క్లిప్పు, ఇంజన్ అర గోడలోంచి గొట్టం వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్. కేసు మెగ్నీషియంది, అది అంటుకున్నాక నీళ్లు పోస్తే ఇంకా భగ్గుమంటుంది. కాబట్టి మంట కేసు దాకా రాకముందే ఆర్పాలి, ముందు సీటు కింద అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా ఉండాలి, ఇద్దరికీ దాన్ని వాడటం తెలియాలి.

ఇంకొకటి, అమెరికాలో అమ్మిన బీటిళ్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఎక్కడం సంగతి సరే, డోనర్ నుంచి దిగేటప్పుడు అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ముందు చక్రాలకి డిస్కులు వేయించాకే బ్లోవర్ బెల్టు ఎక్కించు. కొత్త పవర్‌తో వెయ్యి మైళ్లు నువ్వొక్కడివే నడిపి, రెండుసార్లు ట్యాపెట్లు చూసి, గొట్టాలు తడిమి చూశాకే పాపని వెనక కూర్చోబెట్టు. ఈ మాట మీ ఆవిడకి చదివి వినిపించు, నువ్వు ఒప్పుకున్నావని కూడా చెప్పు. స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) గురించి నువ్వు అడగలేదు గానీ, కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి ఆ పరీక్ష లేదు, ఆ బెంగ వద్దు.

ఈ శనివారానికి నీకిచ్చే పని ఒక్కటే. హెడ్డు వేడి గేజి ఒకటి కొని మూడో సిలిండర్‌కి పెట్టు. బ్లోవర్ లేకుండానే, మధ్యాహ్నం ఎండలో, లివర్‌మోర్ దాటి 580 మీద ఆల్టమాంట్ కొండ మామూలుగా ఎక్కు. కింద ఎంత ఉంది, పైన ఎంతకి చేరింది, పైకి వచ్చాక మళ్లీ దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ మూడు అంకెలూ, ఆ రోజు బయట ఎండ ఎంతో రాసి పంపు. ఇప్పుడే 375 చూపిస్తే ముందు రేకులూ వాల్వులూ చూద్దాం. 325 దగ్గరే ఉంటే పుల్లీ సైజు నేనే లెక్క కట్టి పంపుతాను.